ఫొటోలోంచి నేను తీయించిన తలుపు

"సూపర్ అండీ" అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఒక మనిషి చీకటితో లేచి, బస్సెక్కి వెళ్లి, మోకాలి లోతు బురదలో నిలబడి ఫొటో తీసుకొచ్చి మన ముందు పెడితే, దాన్ని నిదానంగా చూడకుండానే సూపర్ అనేవాడు ఆ మనిషిని వదిలించుకుంటున్నాడు. మా ఫొటోగ్రాఫర్ల సంఘానికి ఈ జబ్బు వాట్సాప్ గ్రూపుతో పట్టుకుంది. పొద్దున్నే ఎవరో ఒకరు బ్యారేజీ మీద సూర్యోదయం పెడతారు. భోజనాల వేళకి దాని కింద బొటనవేళ్లు వరసగా లేచి ఉంటాయి. నీటి గీత ఒక పక్కకి ఒరిగిపోయి, కృష్ణలో నీళ్లన్నీ గుంటూరు వైపుకి జారిపోయేట్టు ఉందని ఒక్కరూ చెప్పరు. నేను చెబుతాను. ఇన్నేళ్లుగా చెప్పి, చెడ్డవాణ్ణనిపించుకుని, దాన్ని గౌరవంగానే భావించుకుంటూ వచ్చాను.

ఆ గౌరవం కిందటేడు ఎలా పోయిందో చెప్పాలి. కోపం ఇంకా తగ్గలేదు. తగ్గాక రాస్తే అబద్ధాలు చేరతాయి.

మా సంఘం నెలకోసారి, రెండో ఆదివారం మధ్యాహ్నం, గాంధీనగర్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సు మీద ఉన్న హాల్లో కలుస్తుంది. ఫోన్లో ఫొటోలు చూపించడం అక్కడ ఒప్పుకోరు. ప్రింటు వేయించుకుని తేవాలి. ప్రింటు మీద పేరుండదు, వెనక పెన్సిల్‌తో ఒక అంకె మాత్రం ఉంటుంది. కిటికీ పక్కన చెక్క స్టాండు మీద దాన్ని నిలబెడతారు. ముందు కనిపించేది చెప్పాలి, తర్వాత అందులో నిలిచేదేమిటో చెప్పాలి, చివర మార్చాల్సింది చెప్పాలి. తీసిన మనిషి అందరి మధ్యనే కూర్చుని ఉంటాడు. కానీ చివరి మాట అయ్యేదాకా నోరు విప్పకూడదు. అంతా అయ్యాక లేచి "ఇది నాది" అనాలి. ఫొటో వెనక ఉన్న ఉద్యోగమూ కులమూ డబ్బూ ఎవరికీ కనబడకూడదని ఈ పద్ధతి పెట్టారు.

నాకు ఈ పద్ధతి మొదటి రోజు నుంచీ నచ్చింది, కారణం నా ఇంటి పేరు. డెల్టాలో అరవై దాటిన వాళ్లెవరైనా నా ఇంటి పేరు వినగానే "ఆ ఇంటివారాండీ" అంటారు. అని, మరుక్షణం నా చొక్కా వైపు చూస్తారు. నేను రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు దస్తావేజు లేఖరిని. ఒకప్పుడు మా తాతగారి పేర ఉన్న పొలాల సరిహద్దులు ఇప్పుడు ఇతరుల పేర్ల మీద నా చేత్తోనే రాస్తాను. తూర్పున ఫలానా, పడమర ఫలానా. రాసేటప్పుడు ఒక్క కొట్టివేత కూడా పడదు. అది మాత్రం నేను నేర్చుకున్నాను.

మా ఇల్లు ఇప్పుడు లేదు. నేను కాలేజీలో ఉండగా మా నాన్నగారు దాన్ని విప్పించి కలప అమ్మేశారు. దూలాలూ తలుపులూ లారీ ఎక్కడం నేను చూడలేదు. చూడకపోవడం వల్ల అవన్నీ ఇంకా నా మనసులో వాటి వాటి చోట్లలోనే ఉన్నాయి. ముఖ్యంగా ధాన్యపు కొట్టు తలుపు. ఒంటి రెక్క, టేకు. కొట్టుకి కూడా చెక్కుడు పని చేయించిన ఇల్లు మాది. నడుమ పట్టీ మీద రెండు చిలకలు, వాటి ముక్కుల్లో ఒకే వరికంకి. కింద మూలన అర్ధచంద్రంలా ఒక కంత ఉండేది. ఎలకల కోసం పిల్లి లోపలికి పోయేందుకు మా మేనత్త కోయించింది. కొట్టులో ధాన్యం లేని రోజులొచ్చాక పిల్లికీ పని లేకపోయింది. ఆ కంతకి అడ్డంగా చెక్కముక్క కొట్టించారు. ఆ మేకులు కొట్టే చప్పుడు నాకు గుర్తుంది.

కిందటేడు వానలు వెనకబట్టాక ఒక ఆదివారం, స్టాండు మీద నాలుగో ప్రింటు నిలబెట్టారు.

మట్టి వాకిలి. పీట మీద కూర్చుని ఒక ముసలావిడ చేపలు కోస్తోంది. ఇటుకల మీద పరిచిన పెద్ద చెక్క ఆవిడకి బల్ల. ఎండ పక్కనుంచి పడి, ఆ చెక్క మీద అంటుకున్న పొలుసులు మెరుస్తున్నాయి. ఎడమ మూలన చెక్కకున్న కంతలోంచి నీళ్లు సన్నటి ధారగా స్టీలు బకెట్టులోకి పడుతున్నాయి. కంత అర్ధచంద్రంలా ఉంది. పొలుసుల కింద రెండు చిలకలున్నాయి.

నేను కుర్చీలో ముందుకి జరిగాను.

బ్యాంకులో పనిచేసి రిటైరైన మా కార్యదర్శి గారు ఎప్పటిలాగే, "ముందు కనిపించేది చెప్పండి," అన్నారు.

మా సంఘంలో బొటనవేళ్ల పంపకానికి పెద్ద దిక్కు ఒక పళ్ల డాక్టరు. ఆ రోజు ఆయనకేం పట్టిందో, లేచి స్టాండు దగ్గరికి వెళ్లి కళ్లజోడు సర్దుకున్నాడు. "పెద్దావిడ చేపలు కోస్తన్నారండీ. కింద ఆ నీళ్ల ధార ఉంది చూశారూ, నా కన్ను మళ్లీ మళ్లీ అక్కడికే పోతోందండీ. ఆ చెక్క కూడా మామూలుది కాదు. దాని కథేదో ఉంది."

ఆయన నోట సూపర్ కాని మాట రావడం అదే మొదలు. నేను ఇన్నేళ్లు అడిగింది అదే. ఆ మాటని అక్కడికక్కడే నలిపేశాను.

"కన్ను పోకూడని చోటికి పోతే అది తప్పు డాక్టరు గారూ," అన్నాను. "ఇది ముఖం ఫొటో. కింద సగం బరువైపోయింది. ఆ చెక్కా ఆ బకెట్టూ ముఖాన్ని మింగేస్తున్నాయి."

నా సంచిలో ఎప్పుడూ రెండు నల్ల అట్టముక్కలుంటాయి, మూలమట్టాల్లా కోసినవి. రెండిటినీ ప్రింటు మీద ఎదురెదురుగా ఆనించి జరుపుతుంటే, ఎక్కడ కత్తిరిస్తే ఎలా ఉంటుందో తెలుస్తుంది. మా తాతగారి ఆల్బమ్ చెమ్మకి పాడైపోతే, దాని నల్ల పేజీల్లోంచి కోసుకున్నాను. ఆ ముక్కలు తీసి ప్రింటు మీద పెట్టాను. ముందు బకెట్టు పోయింది. తర్వాత కంత. ఇంకొంచెం పైకి జరిపితే చిలకలు పోయాయి. ఆవిడ ముఖమూ భుజాలూ మిగిలాయి.

"ఇదీ ఫొటో," అన్నాను.

కొండపల్లి నుంచి వచ్చే థర్మల్ స్టేషను ఉద్యోగి ఒకాయన తలూపాడు. "ఇప్పుడు ముఖం తేలిందండీ."

డాక్టరు గారు వెనక్కి వచ్చి కూర్చుంటూ, "సార్ చెప్పాక ఇంకేముందండీ. ఇప్పుడింకా సూపర్," అన్నాడు. నలుగురూ నవ్వారు.

నేను అబద్ధం చెప్పాను. ఆ అబద్ధాన్ని పాఠంలా చెప్పాను, దాని మీద పాతికేళ్ల పేరు పెట్టి చెప్పాను. ఆ ఫొటోకి ప్రాణం ఆ కింద సగమేనని నా కన్నుకి తెలుసు. మా కొట్టు తలుపు మీద చేపలు కోయడం పదిమందీ చూస్తూ కూర్చోవడం నేను భరించలేకపోయాను. ఆ హాల్లో ఎవరికీ అది మా తలుపని తెలియదు. తెలియని వాళ్ల ముందు కూడా నాకు పరువు పోయినట్టే అనిపించింది.

అందరి మాటలూ అయ్యాక వెనక వరసలోంచి ఒకామె లేచింది. గన్నవరంలో స్కూలు టీచరు. వాళ్లది బందరు వైపు సముద్రం ఒడ్డు ఊరు, చేపల వ్యాపారం ఇల్లు. సంఘంలో చేరి ఏడాది కాలేదు.

"ఇది నాదండీ," అంది. "ఆవిడ మా నాయనమ్మ. ఏటా మనం పన్నెండు ఫొటోలు గోడకి పెడతాం కదండీ, అందులో ఇది ఉంటే వచ్చి చూస్తానంది. ఆసుపత్రికి తప్ప ఆవిడ ఇంతవరకూ బెజవాడ రాలేదండీ." తర్వాత నా వైపు తిరిగి, "ఎక్కడిదాకా కత్తిరించమంటారండీ? ఇంకోసారి చూపిస్తారా, రాసుకుంటాను," అంది.

నేను మళ్లీ అట్టముక్కలు పెట్టి చూపించాను. ఆమె నోట్‌బుక్‌లో బొమ్మ గీసుకుంది. గీతలు సరిగ్గా గీసిందో లేదోనని నేను తొంగి చూసి మరీ సరిచేశాను.

ఆ సాయంత్రం ఏలూరు కాలవ గట్టు వెంట ఇంటిదాకా నడిచాను. దారి పొడుగునా ఎవరో ఒకరి మీద కోపమే. మొదట తలుపు అమ్మిన మా నాన్నగారి మీద. తర్వాత బుర్రలో గుజ్జు పెట్టుకుని కూడా నేననగానే తలూపిన వాళ్ల మీద. తమ ఫొటోలో నీటి గీత ఒరిగిందని నేనంటే తగువుకొచ్చే మనుషులు, ఇంత పెద్ద తప్పు చెబితే ఒక్కరూ ఎందుకు అడ్డం రాలేదు? వాళ్ల బొటనవేళ్లకీ నా అట్టముక్కలకీ తేడా ఏమిటన్న ఆలోచన సత్యనారాయణపురం వంతెన దగ్గర వచ్చింది. దాన్ని అక్కడే వదిలేసి ఇంటికి పోయాను. నేనుండేది రెండు గదుల అద్దె వాటా. దాని తలుపు ప్లైవుడ్‌ది, వానాకాలం ఉబ్బుతుంది. ఆ రోజు దాన్ని కాలితో తన్ని తెరిచాను.

రెండు నెలల తర్వాత పన్నెండు ఫొటోలు ఎంచే ఆదివారం వచ్చింది. ఎంపిక చేతులెత్తి చేస్తారు. ఆ పూట కూడా తీసినవాళ్లు మాట్లాడకూడదు. ఆమె ప్రింటు స్టాండు ఎక్కింది. నేను చెప్పిన చోట, వెంట్రుకవాసి తేడా లేకుండా కత్తిరించి ఉంది. ముసలావిడ ముఖం, భుజాలు. కళ్లు చిట్లించి కిందికి, పక్కకి చూస్తోంది. దేన్ని చూస్తోందో ఫొటోలో లేదు.

"ఆధార్ కార్డు ఫొటోలా లేదూ?" అన్నాడు థర్మల్ స్టేషను ఆయన.

"అందులో అయితే ఎదురుగా చూడాలండీ. ఈవిడ చూపు పక్కకి పోయింది," అన్నాడు డాక్టరు. ఈసారి కూడా నవ్వులే.

చేతులు మూడు లేచాయి. కార్యదర్శి గారు ప్రింటు తీసి బల్ల మీద బోర్లా పెట్టారు. ఎంపిక ముగిసేసరికి పన్నెండూ పూర్తయ్యాయి. అందులో నాదీ ఒకటుంది, కొండపల్లి బొమ్మలు చెక్కే మనిషి చేతులు. అలాంటి చేతులు ప్రతి ఏడూ ఎవరో ఒకరు తెస్తారు. అయినా నాదే ఎంచారు.

ఆమె తల వంచుకోలేదు. తిన్నగా నా వైపు చూసింది. నిష్ఠూరంగా చూసినా సహించేవాణ్ణి. ఇంకేం చెబుతానోనని పాఠం కోసం చూసినట్టు చూసింది. అది సహించలేకపోయాను.

లేచి నిలబడ్డాను. "ఆ ఫొటోలో తప్పు లేదు. తప్పు నేను చెప్పిన మాటలో ఉంది," అన్నాను.

"చేతులెత్తడం అయిపోయిందండీ," అన్నారు కార్యదర్శి గారు. "ఇప్పుడెందుకొచ్చిన గొడవ?"

"గొడవే కావాలి. అది మా తలుపు."

ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పాల్సి వచ్చింది. కొట్టు గురించి, చిలకల గురించి, పిల్లి కంత గురించి, కలప అమ్మడం గురించి. నా ఇంటి చరిత్ర ఆ హాల్లో నా నోటితో నేనెప్పుడూ చెప్పలేదు. చెబుతున్నంతసేపూ నడుం నిటారుగానే పెట్టుకుని నిలబడ్డాను. "నాకు సిగ్గేసి దాచేశాను. ముఖం తేలుతుందని చెప్పింది అబద్ధం," అన్నాను. "మీరు తలూపారు. ఎందుకూపారో మీరు చెప్పండి."

డాక్టరు గారు తన బూట్లు చూసుకున్నాడు. చివరికి ఆయనే, "ఆ రోజు నేను చెప్పాను కదండీ, నీళ్ల ధార అని," అన్నాడు, చిన్న గొంతుతో.

"చెప్పి ఎందుకు వెనక్కి తీసుకున్నారు?"

"మీతో ఎవరు పెట్టుకుంటారండీ."

ఆ మాటకి మాత్రం ఎవరూ నవ్వలేదు.

ఆమె లేచింది. "కత్తిరించని ప్రింటు తెచ్చానండీ," అని సంచిలోంచి రెండు అట్టల మధ్య పెట్టి కట్టిన ప్రింటు తీసింది. "మీరు చెప్పారని కత్తిరించాను గానీ, ఇంటికెళ్లి చూస్తే మా నాయనమ్మ ఎటు చూస్తోందో నాకే తెలీలేదు. ఆవిడ బకెట్టు చూస్తోందండీ."

"మరి ఆ రోజే ఎందుకనలేదమ్మా?" నాకు కోపం ఆగలేదు.

"తీసినవాళ్లు మాట్లాడకూడదు కదండీ. అయినా మీరు ఆ రోజు ఫొటోని దిద్దుతున్నట్టు లేరు. దాన్ని తిడుతున్నట్టున్నారు."

నిబంధన ప్రకారం పన్నెండు దాటకూడదన్నారు కార్యదర్శి గారు. నా ప్రింటు తీసేయమన్నాను. ఆయన అటూ ఇటూ చూశారు. "త్యాగాలవీ ఎందుకండీ ఇప్పుడు," అన్నారు. త్యాగం కాదనీ, ఆ చేతులు మామూలు ఫొటో అనీ, కావాలంటే దాని తప్పులు ఇప్పుడే వరసగా చెబుతాననీ అన్నాను. చెప్పాను కూడా. చివరికి ఆయనే నా ప్రింటు తీసి నాకిచ్చి, ఆమె తెచ్చిన ప్రింటు స్టాండు మీద పెట్టారు.

"అయితే మొదట మీరే చెప్పండి. ముందు కనిపించేది," అన్నారు.

చెప్పాను. ముసలావిడ, కత్తి, చేపలు. ఒక ధాన్యపు కొట్టు తలుపు. చిలకల మీద పొలుసులు. ఒకప్పుడు పిల్లి దూరిన కంతలోంచి నీళ్లు. బకెట్టు నిండుతోందో లేదోనని చూస్తున్న కళ్లు. ఆ చూపుకీ ఆ నీళ్లకీ మధ్య ఉన్న గీత మీద ఫొటో అంతా నిలబడిందని చెప్పాను. అంతటితో ఆగితే నేను కూడా బొటనవేలు ఎత్తినట్టే. అందుకని కుడి పక్క పైమూలన ఉన్న నీలం టార్పాలిన్ పట్టా కన్నుని లాగుతోందనీ, తీసేముందు దాన్ని పక్కకి జరిపి ఉండాల్సిందనీ కూడా చెప్పాను.

"జరుపుతానన్నానండీ," అంది ఆమె. "దాని కింద రొయ్యలు ఎండుతున్నాయి, ముట్టుకున్నావంటే చెయ్యి విరుగుతుందంది మా నాయనమ్మ."

చేతులు చాలా లేచాయి. ఎవరెవరు ఎత్తారో నేను చూడలేదు. ఆ రోజే ఇంకో మాట కూడా పట్టుబట్టి రాయించాను. ఫొటో తీసినవాళ్లు ఇక ముందు చివర్న "ఇది నాది" అని ఊరుకోనక్కర్లేదు. దిద్దిన మనిషిని ఎందుకు అలా అన్నావని ఒక ప్రశ్న అడగవచ్చు. అడిగితే ఆ మనిషి జవాబు చెప్పి తీరాలి. కార్యదర్శి గారికి అది ఇష్టం లేదు. సభలు పొడుగవుతాయన్నారు. అయితే అవనివ్వండి అన్నాను.

ఫొటోలు గోడకెక్కిన రోజు ఆ నాయనమ్మ వచ్చింది. బందరు బస్సు దిగి, మనవరాలి చెయ్యి పట్టుకోకుండా మెట్లెక్కింది. తన ఫొటో ముందు చాలాసేపు నిలబడింది. పక్కనే నిలబడ్డ డాక్టరు గారు ఏదో అనబోయి, నన్ను చూసి, ఆ మాట మింగేశాడు.

"బకెట్టు నిండిపోయింది, చూడు," అందావిడ మనవరాలితో. "ఫొటో గొడవలో పడి పారబొయ్యలేదు నేను. వాకిలంతా కంపు చేశావు." తర్వాత నా వైపు తిరిగింది. "మీరేనా బాబుగారూ, తలుపు వాళ్లు?"

"అవునండీ."

"మా ఆయన కలప అడితిలో కొన్నాడు బాబూ, ఇంటికి పెడదామని. మా గుమ్మానికి పట్టలేదు. మా ఇంటికెక్కువైపోయింది అది. సర్లే అని ఇటుకల మీదేశాం. కంతకి చెక్క కొట్టి ఉంటే నేనే ఊడపీకాను, నీళ్లు పోవాలిగా. ఆ మేకులు ఒకపట్టాన రాలేదు." ఆవిడ నన్ను కిందికీ పైకీ చూసింది. అందరూ చూసినట్టే నా చొక్కా దగ్గర ఆగింది. అయితే మొహం మాత్రం జాలిగా పెట్టలేదు. "కావాలంటే పట్టుకుపో. ముందు నాకు ఇంకో బల్ల చేయించి పెట్టి, పట్టుకుపో."

కావాలని నోటిదాకా వచ్చింది. ఆ తలుపు కోసం కాదు, ఆవిడ ఇస్తానన్నందుకు ఒళ్లు మండి. మా తలుపు నాకు ఇంకొకరు ఇవ్వడమేమిటని. ఆ మంటలోనే నా రెండు గదులూ, ఉబ్బే ప్లైవుడ్ తలుపూ కళ్లముందుకొచ్చాయి. ఆ రెక్కని నిలబెట్టడానికి నా దగ్గర గోడ కూడా లేదు.

"వద్దండీ," అన్నాను. "మా గుమ్మానికీ పట్టదు."

"మరి అంత కోపం చేశావంటగా, దాని మీద?"

నేను పట్టుబట్టి రాయించిన నిబంధనే అది. అడిగితే జవాబు చెప్పి తీరాలి. ఆవిడ ఆ ఫొటో తీయలేదు, అందులో ఉంది. అంతకంటే ఎక్కువ హక్కేం కావాలి?

"పొలుసులు చూసి అండీ," అన్నాను. "మా చిలకల మీద పొలుసులేమిటని."

"కడుగుతాను బాబూ," అందావిడ. "రోజూ సాయంత్రం కడుగుతాను. ఫొటో పొద్దున తీసింది."